గోడమీది బంగారు బొట్టు

ఆ వీధిలో ఆయన ముందు గడ్డం పైకెత్తని మనిషి లేడు. బళ్లో చేరబోయే పిల్లలు, ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టుకునే కుర్రాళ్లు, పెన్షన్ కాగితాలకు ఫొటో కావలసిన ముసలివాళ్లు, అందరూ ఆ ముందుగదిలో గుండ్రటి స్టూలు మీద కూర్చుని, వెనక నీలం తెర, ఎదుట రెండు దీపాలు, ఊపిరి బిగబట్టి ఒక్క మాట కోసం ఎదురుచూసినవాళ్లే. "కదలొద్దు!" ముప్ఫై ఏళ్లుగా అదే మాట, అదే గొంతు. చివరికి ఆయన అసలు పేరు అరిగిపోయి ఆ మాటే మిగిలింది. పెద్దవాళ్లకు కదలొద్దు, చిన్నవాళ్లకు కదలొద్దు బాబాయి. కవరు మీద అసలు పేరు రాస్తే పోస్టుమ్యాన్ వీధంతా రెండుసార్లు తిరిగి, "అలాంటివాళ్లెవరూ లేరు" అని వెనక్కి పంపేశాడంటారు. అంటారు అంటే, ఆయనే అంటాడు.

ఇక్కడ ఒక సంగతి ముందే చెప్పుకోవాలి. కదలొద్దు ఏం చెప్పినా పదితో భాగించుకోవాలి. ఈ లెక్క కనిపెట్టింది ఆయన భార్య. వెనక గదిలో కుట్టుమిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుట్టే దర్జీ ఆవిడ. టేపు మెడలో, గుండుసూదులు పెదవుల మధ్య, మొగుడి మాట చెవిలో. మూడూ ఎప్పుడూ అక్కడే ఉంటాయి. ఆయన "వందమంది వచ్చారోయ్ ఇవాళ" అంటే, ఆవిడ సూదులు తీయకుండానే "పదిమంది" అనుకుంటుంది. తొమ్మిదో తరగతి లెక్కల పరీక్షలో కిటికీ మీద వాలిన తూనీగను చూస్తూ మూడు గంటలు గడిపేసి, తెల్లకాగితం ఇచ్చి బయటికొచ్చేశానని, అంతటితో చదువు సరి అని ఆయన చెబుతాడు. ఆవిడ లెక్క ప్రకారం తూనీగ నిజం. మూడు గంటలు అబద్ధం. పద్దెనిమిది నిమిషాలకే లేచి వచ్చి ఉంటాడు.

బడి మానేసినవాణ్ణి ఒక ముసలి ఫొటోగ్రాఫరు చేరదీసి చీకటిగదిలో నిలబెట్టాడు. ఎర్రబల్బు వెలుతురులో, మందునీళ్ల పళ్లెంలో, తెల్లకాగితం మీద మొహాలు మెల్లగా తేలి రావడం ఆ పిల్లవాడు నోరెళ్లబెట్టి చూశాడు. ముందు కళ్లు వచ్చేవి, తర్వాత జుట్టు, ఆఖరికి నవ్వు. అక్కడే ఆయన పెన్సిలు పట్టాడు. నెగెటివు మీద సన్నటి పెన్సిలుతో మచ్చలు పూడ్చడం, ముడతలు సాగదీయడం, చెంపలు నున్నచేయడం. కంప్యూటర్లు వచ్చాక పెన్సిలు పోయి మౌసు వచ్చింది గాని ఆ చెయ్యి మాత్రం మారలేదు. ఒకసారి ఒకాయన చెంపమీది పుట్టుమచ్చను ఎంత చక్కగా తీసేశాడంటే, కాగితాల్లో ఆ మచ్చే ఆనవాలుగా రాసి ఉండడంతో ఆఫీసువాళ్లు ఆ మనిషిని ఆ మనిషే కాదన్నారు. రెండు రోజులు ఆ మనిషి ఎవరూ కాకుండా తిరిగాడట. ఈ కథను మాత్రం ఆవిడ భాగించదు. ఆ మచ్చాయన గుమ్మంలో నిలబడి తిట్టిన తిట్లు తన చెవులతో విన్నది.

తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. ఎవరి గడ్డం వాళ్లే ఎత్తుకోవడం నేర్చుకున్నారు. స్టూలు ఖాళీ అయింది. అయినా కదలొద్దు రోజూ పొద్దున్నే తెర దులిపి, దీపాలు తుడిచి, తలుపు బార్లా తీసి కూర్చునేవాడు. "పనితో ఊపిరాడటంలేదనుకో" అనేవాడు వీధిలోవాళ్లతో. ఆవిడ వినేది, భాగించేది, సున్నాను పదితో భాగిస్తే ఏమొస్తుందో తెలిసి ఊరుకునేది.

అలా ఒక మధ్యాహ్నం, ముందుగదిలో కూర్చోలేక, ఇంటి వెనక్కి వెళ్లి బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాడు. ఎదురుగా కుట్టుగది వెనకగోడ. పన్నెండడుగుల పొడవు, మనిషెత్తు. పగుళ్లలో నాచు. ఆ పగుళ్లలోంచే పుట్టి పైదాకా పాకిన ఊదారంగు గరాటుపూల తీగ. ఒక ఆకు మీద ఒక ఈగ కూర్చుని ముందుకాళ్లతో మొహం తుడుచుకుంటోంది. తల వెనక్కి, పక్కకి, కళ్లమీంచి ఇలా, మెడ కిందుగా అలా. స్టూడియో అద్దం ముందు జనం తల దువ్వుకున్నట్టే ఉంది. కదలొద్దు తెలియకుండానే అనేశాడు.

"గడ్డం కొంచెం పైకి."

ఈగ ఎత్తింది. పదితో భాగించినా కొంచెమైనా ఎత్తి ఉంటుంది.

ఆ రోజు నుంచి ఆ గోడే ఆయన స్టూడియో. పాత కెమెరాకు లెన్సు తిరగేసి టేపుతో బిగించాడు. అలా తిప్పి పెడితే దోమ కూడా గున్న ఏనుగులా కనిపిస్తుంది. ఫ్లాష్ మీద తెల్లకవరు చింపి అతికించి వెలుగును మెత్తబరిచాడు. చేతిలో ఒక అట్టముక్క, ఒక వైపు తెలుపు, ఒక వైపు నీలం, పురుగుల వెనక పెట్టడానికి. ఆయన తీసినవన్నీ ఎదురుగా, నిటారుగా, రెండు కళ్లూ సమానంగా కనపడే పాస్‌పోర్టు ఫొటోలే. మిడత, తూనీగ, గొల్లభామ, రెక్కలున్న చీమ, ఆకులాంటి పురుగు, పుల్లలాంటి పురుగు, అన్నీ ఏదో దేశానికి వీసా అడుగుతున్నట్టు గంభీరంగా చూసేవి. సాయంత్రం పూట చిన్నచిన్న ఒంటరి తేనెటీగలు ఎండుపుల్లను దవడలతో కరిచిపట్టుకుని, కాళ్లు గాలిలో వదిలేసి నిద్రపోయేవి. వాటి ముందు ఆయన కూడా గొంతు తగ్గించేవాడు. వెలుతురు గోడమీదనుంచి జారి, తీగ అడుగున చేరి, చివరి పువ్వు ముడుచుకునేదాకా అలా కూర్చుంటే, తాను కూర్చున్నది బకెట్టు మీద అన్న సంగతి మరిచిపోయేవాడు. గోడ ఒక పెద్ద నగరంలా, తనేమో దానికి దారి తప్పి వచ్చిన పల్చటి పొగలా అనిపించేది.

ఇంట్లోకి వచ్చాక మళ్లీ మామూలే. "ఇవాళ ఒక గొల్లభామ మెడ తిప్పి, 'ఏదీ, ఎలా వచ్చింది?' అని అడిగిందోయ్."

"చూపించారా మరి?"

"చూపించా. ముక్కు బాలేదంది."

అలవాటు చొప్పున పురుగుల ఫొటోలు కూడా దిద్దేవాడు. చిరిగిన సీతాకోకచిలుక రెక్కను అతికించేవాడు. కాలు పోయిన మిడతకు కాలు ఇచ్చేవాడు. ఆవిడ ఒకసారి చూసి, "నిన్న దీనికి ఐదే కాళ్లు కదండీ" అంది. "ఫొటో కదా, పండగపూటలా ఉండాలి" అన్నాడాయన. ఆవిడ నవ్వి మిషను తొక్కుకుంది.

అసలు గొడవ తడితో మొదలైంది. పగుళ్లలోంచి వాననీరు దిగి కుట్టుగది గోడ లోపలివైపు చెమ్మగిల్లింది. ఒక సోమవారం పొద్దున ఆవిడ బీరువా తీస్తే, కుట్టి మడతపెట్టిన తెల్లచొక్కాల దొంతర మీద పసుపు మరకలు వరసగా ఉన్నాయి. రెండుసార్లు ఉతికినా పోలేదు. ఆవిడ చొక్కాలను ఒళ్లో పెట్టుకుని పాడైనవెన్నో లెక్కపెట్టింది. తర్వాత తమ్ముణ్ణి పిలిపించింది.

తమ్ముడు తాపీమేస్త్రి. బావ కనబడితే చాలు, నాలుక దురద పుట్టే మనిషి. గోడను వేలితో తట్టి, తీగ కొసను పట్టుకుని లాగి చూశాడు.

"ఈ తీగంతా పీకేయాలక్కా. పాత పూత గీకేసి కొత్తగా సిమెంటు కొడితే పాతికేళ్లు చుక్క దిగదు. శుక్రవారం పొద్దున్నే వస్తా."

"పీకుతావా?" అన్నాడు కదలొద్దు. "ఒరేయ్, అది గోడ కాదురా. రెండువందల కుటుంబాలున్నాయి అందులో!"

"అయితే శుక్రవారంలోగా ఖాళీ చేయమని నోటీసు ఇచ్చెయ్ బావా. నువ్వు చెబితే వింటాయిగా, కదలొద్దంటే కదలవు, కదలమంటే కదులుతాయి."

అక్కాతమ్ముళ్లు నవ్వారు. కదలొద్దు కూడా నవ్వాడు గాని, ఆ నవ్వు మూతి దాటి పైకి పోలేదు.

మంగళవారం ఉదయం ఆయన దాన్ని చూశాడు.

తీగ మధ్యలో, చిల్లులు పడిన ఒక ఆకు మీద, పప్పుబద్దంత బంగారు బొట్టు. మెరిసే పురుగులు చూడనివాడు కాదు. కాని ఇది మెరవడం కాదు. కరిగించిన బంగారాన్ని ఎవరో ఇప్పుడే ఆకు మీద ఒక్క చుక్క వేసి, అది గడ్డకట్టేలోగా వెళ్లిపోయినట్టుంది. పైన తాబేటిడిప్పలాంటి మూత, అంచు చుట్టూ గాజులా పారదర్శకం. ఆ గాజు కిందినుంచి రెండు బుల్లిమీసాలు బయటికొచ్చి గాలిని తడిమి మళ్లీ లోపలికి పోయాయి. కదలొద్దు ఫొటో సంగతే మరిచిపోయాడు. పటుక్కున ఆకు తుంచి లోపలికి పరుగెత్తాడు.

"ఏమోయ్! బంగారం! చూడు!"

ఆవిడ సూదులు నోట్లోంచి తీసి, కళ్లజోడు సర్దుకుని ఆకు మీదికి వంగింది. ఆకు మీద మామూలు గోధుమరంగు పురుగు ఒకటి కూర్చుని ఉంది. ఎండిన పప్పుబద్ద లాంటిది.

"ఏదీ బంగారం?"

"ఇదే. ఇప్పుడే ఉంది. నీ ఒట్టు."

"నన్ను చూసి బీరువాలో దాచుకుందేమో" అని ఆవిడ మళ్లీ సూదులు పెదవుల మధ్య పెట్టుకుంది. ఆయన మొహం చూసి మళ్లీ తీసింది. "సరే, వినండి. నిజంగా బంగారంలా ఉండే పురుగు ఆ గోడమీద ఉంటే నాకు చూపించండి. నా కళ్లతో చూస్తే గోడ జోలికి ఎవరూ రారు. నా చొక్కాల బాధ నేను పడతా. ఇది నా మాట."

ఆవిడ మాటను ఎవరూ పదితో భాగించరు. దానితో కదలొద్దుకు కాళ్లు నేలమీద ఆగలేదు.

బుధవారం మళ్లీ కనబడింది, బంగారమే. ఈసారి తెలివిగా పాత ఫిల్ము డబ్బాలో పెట్టి, మూత బిగించి, రెండు చేతులతో ముత్యంలా పట్టుకుని తీసుకెళ్లాడు. మూత తీస్తే గోధుమరంగు పురుగు. సిమెంటు బస్తా దించడానికి వచ్చిన బావమరిది అక్కడే ఉన్నాడు.

"ఇది ఎండుద్రాక్ష గింజ బావా. దీనికి కాళ్లు నువ్వే అతికించావు కదూ?"

గురువారం ఆయన ఇక పురుగును కదపలేదు. కెమెరాయే గోడ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆకు గాలికి ఊగకుండా పట్టకారుతో పట్టుకుని, వెనక నీలం అట్ట పెట్టి, "కదలొద్దు" అని నొక్కాడు. ఫొటో అద్భుతంగా వచ్చింది. మీసాల మీది నూగు కూడా లెక్కపెట్టొచ్చు. రంగు మాత్రం గోధుమ. పట్టకారు తగిలేదాకా ఉన్న బంగారం, నొక్కేలోగా పోయింది.

కంప్యూటరు ముందు కూర్చుని ఆయన ఆ ఫొటోను చాలాసేపు చూశాడు. తను చూసింది బంగారం. ఫొటోలో ఉన్నది గోధుమ. అంటే ఫొటోయే తప్పు, తను కాదు. చెయ్యి దానంతట అది మౌసు మీదికి పోయింది. డిప్పమీద కొంచెం పసుపు, పైన కొంచెం తెల్లని తళుకు, అంచుల్లో ఎర్రటి నీడ. ముప్ఫై ఏళ్లలో ఎన్ని పెళ్లిఫొటోల్లో ఎన్ని గొలుసులకు పెట్టిన మెరుగది! అరగంటలో పురుగు ధగధగలాడింది. పెద్ద కాగితం మీద ప్రింటు తీసి, కుట్టుగదిలో ఆవిడ ముందు పరిచాడు.

ఆవిడ మిషను ఆపింది. ఫొటోను దగ్గరికి తీసుకుంది, దూరంగా పెట్టింది. కిటికీ వెలుతురుకు పట్టుకుంది.

"ఇది మా చెల్లి పెళ్లిఫొటోలో మీరు పెట్టిన గొలుసు రంగు" అంది మెల్లగా.

కదలొద్దు నేలమీది దారపుముక్కలు ఏరసాగాడు.

"మీ కోతలంటే నాకు ముద్దేనండీ. ఇన్నేళ్లూ నవ్వుతూనే విన్నాను. అవి నోటితో కోసినవి కాబట్టి. నేను మాట ఇచ్చాక కూడా చేత్తో కోసుకొచ్చారు చూడండి..." ఆవిడ ఫొటోను మడవకుండా జాగ్రత్తగా ఆయన చేతికిచ్చింది. "రేపు మావాడు వస్తాడు."

ఆవిడ అరిచి ఉంటే బావుండేదనిపించింది ఆయనకు. వెనక్కి వెళ్లి బకెట్టు మీద కూలబడ్డాడు. కెమెరా లోపలే ఉండిపోయింది. పట్టకారు, అట్టముక్క కాళ్ల దగ్గర పడి ఉన్నాయి. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని ఊరికే చూస్తున్నాడు. సాయంత్రపు ఎండ తీగ మీద వాలింది. పొద్దున తను పట్టకారుతో పట్టిన ఆ ఆకు మీదే, ఆ గోధుమరంగు పురుగు మళ్లీ మేత మొదలుపెట్టి చిల్లు అంచును కొరుకుతోంది. దాన్ని తిట్టాలనిపించింది, ఓపిక లేకపోయింది.

అప్పుడు అది మొదలైంది. డిప్ప నడిమధ్యన ఏదో వెచ్చటి తడి తేలినట్టయింది. గోధుమరంగు అడుగునుంచి పసుపు పైకి వస్తోంది, తొందర లేకుండా, చీకటిగదిలో మందునీళ్ల పళ్లెంలో మొహం తేలినట్టు. ముందు నడిమి చుక్క, తర్వాత భుజాలు, ఆఖరికి అంచు. ఆయన తొమ్మిదో తరగతి తప్పిన పిల్లవాడిలా నోరు తెరుచుకుని చూశాడు. పురుగు బంగారమైంది. ఆయన చెయ్యి అలవాటుగా ముందుకు లేచింది, దాని నీడ ఆకు మీద పడింది. అంతే, బంగారం పోయింది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చాలాసేపు తర్వాత బంగారం మళ్లీ వచ్చింది.

అంటే ప్రతిసారీ దాన్ని ఆర్పింది తన చెయ్యే. ఆకు తుంచిన చెయ్యి, డబ్బా మూత బిగించిన చెయ్యి, పట్టకారు పట్టిన చెయ్యి. స్టూలు మీదికి నవ్వుతూ వచ్చి, తను "కదలొద్దు" అనగానే కొయ్యబొమ్మలైపోయిన మొహాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఎందరి బంగారం తను చేత్తో ఆర్పి, మళ్లీ పెన్సిలుతో దిద్దాడో! వెలుతురు సన్నగిల్లింది. పుల్ల మీద తేనెటీగలు నిద్రకు వేళ్లాడాయి.

శుక్రవారం తెల్లవారుతూనే ఆయన గోడ ముందు ఉన్నాడు. అట్ట లేదు, ఫ్లాష్ లేదు, పట్టకారు లేదు. కెమెరాను మాత్రం గుండెకు ఆనించుకున్నాడు. ఒక్కో అంగుళం ముందుకు జరగడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. ఆయన్నడిగితే మూడు గంటలంటాడు. ఈసారి ఎవరూ లెక్క వేయలేదు. ఆకుల మీది మంచు ఆయన మోచేతుల్లోకి ఇంకింది. ఊపిరి తీగ ఊపిరితో కలిసిపోయింది. లెన్సు అవతల బంగారు బొట్టు పెరిగిపెరిగి ఒక గుమ్మటమైంది. ఆ గుమ్మటంలో ఆకాశం వంగి ఉంది, గోడ వంగి ఉంది, తీగపూలు గోరంత దీపాల్లా వరసగా వెలిగి ఉన్నాయి. అడుగున ఎవరో బుల్లిమనిషి, కంటికి ఏదో నల్లటిది ఆనించుకుని, గడ్డం పైకెత్తి, కదలకుండా కూర్చున్నాడు. తన ఫొటో తను ఎన్నడూ తీయించుకోలేదని కదలొద్దుకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ మాట అనలేదు. నోటిదాకా వచ్చినదాన్ని మింగేశాడు. నొక్కాడు.

అదే క్షణాన ఆకు ఊగింది. ఫొటో మసకగా వచ్చింది. సగం ఆకు అడ్డం, ఒక మూల తన వేలే పడింది. మధ్యలో ఎక్కడో ఒక వంకర బంగారు మరక, అందులో చిటికెడు ఆకాశం.

కంప్యూటరున్న గది దాటుతుండగా ఒక్క క్షణం ఆయన కాళ్లు ఆగాయి. వేలు తీసేయొచ్చు. మసక తగ్గించొచ్చు. ఆగిన కాళ్లను ఎలాగో మళ్లీ కదిపాడు. కెమెరా అలాగే తీసుకెళ్లి ఆవిడ చేతిలో పెట్టాడు. అప్పుడే బావమరిది తాపీ, సిమెంటు కలిపే బొచ్చె పట్టుకుని లోపలికి వస్తున్నాడు. ముగ్గురి తలలూ ఆ చిన్న తెర మీదికి వంగాయి.

"ఇదేంటి బావా, గుడ్డుసొన ఒలికిందా?"

ఆవిడ నవ్వలేదు. తెర మీద వేలుపెట్టి ఆ మసకను, ఆ అడ్డం వచ్చిన ఆకును, ఆ వేలును, ఒక్కొక్కటే కొలతలు తీసుకున్నట్టు చూసింది.

"ఇది నిజం" అంది.

"ఎలా చెప్పగలవక్కా?"

"ముప్ఫై ఏళ్లలో ఇంత దరిద్రమైన ఫొటో ఈయన ఎప్పుడైనా తీశారా? అబద్ధమైతే అద్దంలా ఉండేది." మెడలో టేపు తీసి మిషను మీద పెట్టి, పెదవుల మధ్య సూదులు ఒక్కొక్కటే తీసి గుడ్డకు గుచ్చింది. "పదండి."

ముగ్గురూ పిల్లి అడుగులతో వెళ్లారు. ఆవిడ బకెట్టు మీద కూర్చుంది. ఆయన పక్కన గొంతుక్కూర్చున్నాడు. మేస్త్రి తాపీ పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు. చాలాసేపు ఏమీ జరగలేదు. పురుగు ఆకు చివరిదాకా నడిచి, మీసాలతో గాలిని తడిమి, ఆయన చొక్కాచేతి మీదికి అడుగు పెట్టి వెనకవైపుకు పాకింది. ఆయన తల వెనక్కి తిప్పబోయాడు.

"కదలొద్దండీ" అంది ఆవిడ, ఊపిరి కన్నా మెల్లగా.

ఆయన కదల్లేదు. తన చేతి మీద అది ఏ రంగులో ఉందో ఆయనకు కనబడలేదు. ఆవిడ కళ్లజోడులో మాత్రం రెండు అద్దాల్లోనూ చెరో బంగారు చుక్క కనబడింది.

"తాపీ కింద పెట్టరా" అంది ఆవిడ తమ్ముడితో, కళ్లు తిప్పకుండానే.

మాట నిలబడింది, గోడ నిలబడింది. కాని తడి కూడా అలాగే ఉంది. ఆవిడ లోపలికి వెళ్లి బీరువా తలుపు తీసి మళ్లీ వేయడం ఆయనకు వినిపించింది. చొక్కా మీదినుంచి పురుగు తీగమీదికి దిగిపోయాక ఆయన లేచి, కుట్టుగది గుమ్మంలో నిలబడ్డాడు.

"నీ మిషను ముందుగదిలో పెట్టుకో. అక్కడ చెమ్మ ఉండదు."

"మరి మీ స్టూడియో?"

ఊపిరాడటంలేదు అనే మాట నాలుక కొసదాకా వచ్చింది. "మూడు వారాలైంది ఎవరూ వచ్చి" అన్నాడు.

ఆవిడ ఆయన వైపు చూసింది. ఈ మాటను పదితో భాగించలేదు, దేనితోనూ భాగించలేదు. "స్టూలు మాత్రం నాకొద్దు, మీరే తీసుకెళ్లండి" అంది.

మధ్యాహ్నానికి మేస్త్రి చెమటలు కారుస్తూ మిషను ముందుకు, నీలం తెర వెనక్కి మోశాడు. "పూత పూయడానికి పిలిచి కాపురం మార్పించారు కదా బావా! ఆ పురుగు చేత రెండు పెట్టెలైనా మోయించాల్సింది."

తర్వాత చాలాకాలానికి పాస్‌పోర్టు ఫొటోకని ఒకామె వచ్చిందట. కదలొద్దు స్టూలు గోడ ముందే వేసి, ఏ మాటా అనకుండా, ఆమె నవ్వు దానంతట అది వచ్చేదాకా కూర్చున్నాడట. ఫొటోలో ఆమె భుజం పక్కన ఒక బంగారు చుక్క పడిందట, దాన్ని ఆయన తీయలేదట. వెనక ఈ పచ్చటి తీగ ఏమిటని ఆఫీసువాళ్లు ఆ ఫొటోను తిప్పి పంపితే, ఆమె దాన్ని పెద్దది చేయించి ఇంట్లో గోడకు తగిలించుకుందట. ఇదంతా ఆయన చెప్పిన మాటే. ముందుగదిలోంచి మిషను చప్పుడు, భాగించాలా వద్దా అన్నట్టు ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలైంది.